దొర ముందు తెల్లపంచె

పెద్ద యుద్ధానికి పటాలంలో బస్రా వెళ్ళి, అక్కడి నీళ్ళు తాగి వచ్చినప్పటినుంచి నా కడుపు నా మాట వినలేదు. రోజుకి పది పన్నెండుసార్లు చెంబు పట్టుకుని జీడితోటలోకి పరుగే. నెత్తురు, జిగట. కొబ్బరిచెట్టు సగం ఎక్కి దిగిపోయేవాణ్ణి ఉద్దానంలో పనికెవడు పిలుస్తాడు? కాలు తెగినవాడి లోటు కళ్ళకి కనిపిస్తుంది. నాది కడుపులో దాక్కుంది. అది ఏపాటిదో చూసి రాయడానికి పటాలం డాక్టరు దొర టెక్కలి వస్తున్నాడని కబురొచ్చింది. ఎక్కువని రాస్తే బతికినన్నాళ్ళూ పింఛను. తక్కువని రాస్తే ఒట్టి చేతులు.

పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళేముందు తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకోవడం మా ఇళ్ళలో ఆనవాయితీ. మా ఆవిడ అక్కడితో ఆగలేదు. దానిమ్మ తొక్కలు, మారేడు పిందెలు వేసి చిక్కటి కషాయం కాచి, దారికని సీసాలో కూడా పోసిచ్చింది.

"తాగీయయ్యా. దొర ముందట పంచి పాడైపోతే మన పరువేటయిపోద్ది?" అంది.

నాకూ అదే భయం. ఇంటి దగ్గర ఒకసారి, మర్నాడు పొద్దున్నే టెక్కలి సత్రంలో ఇంకోసారి తాగాను. మీసం కూడా దువ్వుకున్నాను, బుద్ధిలేనివాణ్ణి.

దొర పొట్ట నొక్కాడు, నాలుక చూశాడు. మూత ఉన్న పింగాణీ గిన్నె ఇప్పించి, సాయంత్రంలోగా అందులో దొడ్డికెళ్ళి నెత్తురు చూపించమన్నాడు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూర్చున్నాను. రెండేళ్ళుగా పొమ్మన్నా పోని రోగం ఆ రోజు రమ్మన్నా రాలేదు. పచ్చిమిరపకాయలు కొనుక్కొచ్చి నమిలాను. కళ్ళమ్మట నీళ్ళు కారాయి గానీ కడుపు కదల్లేదు. పొద్దు వాలుతున్నకొద్దీ చెమట్లు పట్టాయి. సొంత కడుపుని అంతలా బతిమాలుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

గుమస్తా పిలిచాడు. ఖాళీ గిన్నె చూసి దొర కలం తీశాడు. ఇక ఆగలేకపోయాను.

"కసాయం తాగొచ్చీసినాను బాబూ, అందుకే కట్టీసినాది," అని గుమస్తాతో మొరపెట్టుకున్నాను.

అతను ఇంగ్లీషులో చెప్పాడు. దొర నవ్వాడు.

"ఇంటి కసాయానికి తగ్గిపోయే రోగానికి పింఛనెందుకంటన్నారు," అన్నాడు గుమస్తా.

కాగితం మీద తక్కువనే పడింది. ఒళ్ళు మండిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. కషాయం కాచిన మనిషిని తిట్టడానికి మనసు రాలేదు.

మర్నాడు బండి దిగేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. నా చేతిలో కాగితం కంటే ముందు నా పంచె కేసి చూసింది. తెల్లగా ఉంది.

"మందు పట్టిందేటి?"

"పట్టింది."

నేను యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన రోజున కూడా ఆమె మొహం అంతగా వెలగలేదు. రెండేళ్ళుగా గుమ్మం పక్కన నీళ్ళతో ఉంచే చెంబు తీసి, చింతపండుతో తోమి, అటక మీద పెట్టేసింది. కడుపులో మెలి అప్పుడే మొదలైంది. చెంబు దింపమని అడగడానికి నాకు నోరు రాలేదు.