లోపలికి తెరుచుకున్న తలుపు

పైపులు అతికించే గమ్ము ఘాటు వాసన కొన్నాళ్లుగా మా నరసరావుపేట ఇంట్లో అన్నం కంచం దాకా వస్తోంది. ఫోనులో వీడియోలు చూస్తూ మా ఆయనా నేనూ బాత్‌రూమ్‌ని సొంతంగా బాగుచేసుకుంటున్నాం. ఎర్ర గుర్తున్న కుళాయి తిప్పితే చన్నీళ్లు, నీలం గుర్తున్నది తిప్పితే పొగలు కక్కే నీళ్లు వస్తున్నాయి. ఎక్కడ తప్పు కలిపామో ఇద్దరికీ అంతుపట్టలేదు. పైపు ముక్కను అటూ ఇటూ తిప్పి చూస్తున్న ఆయన అయోమయపు ముఖంలో నాకు మా నాన్న కనిపించాడు.

ఈపూరు దగ్గర మా ఊళ్లో స్నానమంటే పెరట్లో నిలబెట్టిన నాపరాళ్ల చాటే. డిసెంబరు మంచులో పత్తికట్టె మంట మీద కాగే నీళ్ల పొగ, కుంకుడు నురుగు కళ్లలో పడి నేను పెట్టే కేకలు, వంటింట్లో అరిసెల పాకం వాసన, చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్న పిల్లల గొంతులు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ఆ చలికి మోకాళ్లు పట్టేసి నాయనమ్మ రాయి ఊతం లేనిదే లేవలేకపోయేది. ఆ ఏడు క్రిస్మస్‌కల్లా తల్లికి స్నానాల గది కట్టాలని నాన్న పంతం పట్టాడు. నాపరాళ్ల లారీ నడిపేవాడు కనుక రాయి సంగతి తనకు తెలుసని, మేస్త్రీని పిలవనన్నాడు.

వంటింటి గోడకు ఆనించి గది లేచింది. బిందెడు నీళ్లు కుమ్మరించి అందరం ఆశగా చూస్తుంటే, ఆ నీళ్లు తూము వైపు కాక గుమ్మం దాటి, అరిసెల కోసం అమ్మ ఆరబోసిన బియ్యం కిందికి పాకాయి. “మట్టం చూసే పెట్టానే!” అన్నాడు నాన్న. రాళ్లన్నీ పెకలించి, వాలు మార్చి మళ్లీ పరిచి, రేకు తలుపు బిగించాడు.

నాయనమ్మ స్నానానికి వెళ్లిన మొదటి రోజే లోపల దబ్బున చప్పుడైంది. అమ్మ పరుగున వెళ్లి తలుపు తోసింది.

“నెట్టమాకే, కాలు నలుగుతంది!” నాయనమ్మ అరిచింది.

తలుపు లోపలికే తెరుచుకుంటుంది. ఆమె దానికి అడ్డంగా పడి ఉంది. నాన్న స్క్రూడ్రైవర్ తెచ్చాడు గాని, తలుపు మడతబందులు కూడా లోపలే ఉన్నాయి. అంతదాకా మామూలుగా తెరుచుకున్న తలుపు ఇప్పుడెందుకు రావడం లేదో చిన్నదాన్నైన నాకు అర్థం కాలేదు. ఇంతలో నాయనమ్మ గొంతు ఆగిపోయింది. “అమ్మా! అమ్మా!” అంటూ నాన్న గోడెక్కి, పైకప్పు రేకు లాగి అవతల పడేసి లోపలికి దూకాడు.

నొప్పికి కళ్లు తిరిగాయంతే; కాలు విరగలేదు, చీలమండ వాచింది. అమ్మ తెచ్చిన చీర కప్పుకుని వంటింట్లో కూర్చున్నాక నాయనమ్మ నాన్నని ఎగాదిగా చూసింది.

“బయటికి పోవాల్సిన నీళ్లు లోపలికొచ్చె. బయటికి రావాల్సిన తలుపు లోపలికి పాయె. ఏంది రా నీ లెక్క?”

నాన్న తల్లి పాదం ఒళ్లో పెట్టుకుని ఉప్పు కాపడం పెడుతూ తల వంచుకున్నాడు.

తలుపు బయటికి తెరుచుకునేలా మార్చినా నాయనమ్మ ఇక దాన్ని పూర్తిగా మూయలేదు. క్షేమంగా ఉన్నట్టు మాకు తెలియాలని, స్నానం చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. మాట ఆగితే అమ్మ “అత్తా?” అనేది. “ఉన్నాలేవే!” అని జవాబొచ్చేది.

ఈ ఉదయం పైపు మళ్లీ కోసి, అటుదిటు మార్చి అతికించాం. నీళ్లు సరిగానే వస్తున్నాయి. ఊళ్లో ఆ గది లేదు, నాయనమ్మా లేదు, లోపలి నుంచి మాట్లాడుతూ స్నానం చేసేవాళ్లు నాకు తెలిసి ఎక్కడా లేరు. ఆమె గొంతు గుర్తుంది గాని, చెప్పిన వాటిలో ఒక్కటీ చివరిదాకా గుర్తులేదు. ఆమె చిన్నప్పుడు వాళ్ల గేదె ఒకటి తప్పిపోయిందని చెప్పేది. దొరికిందో లేదో ఎంత ఆలోచించినా తట్టడం లేదు.