అమ్మ విని ఎంచుకున్న బీచ్

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఈ పరాయి దేశంలో మేముండే టార్నీట్‌లో తెలుగువాళ్ళం ఎవరింట్లో భోజనాలకు కలిసినా చివర్లో ఎవరో ఒకరు ఆ టాపిక్ ఎత్తుతారు. నేను లేచి గిన్నెలు సర్దడానికి వెళ్ళిపోతాను. రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే మనిషిని, మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే గానీ ఏదీ నమ్మను. ఇది పట్టపగలు నా కళ్ళముందు జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మది కాకినాడ. గ్లాకోమాతో చూపు పూర్తిగా పోయాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. చూపు కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది, అమ్మ నడక మానెయ్యడం. ఒకప్పుడు రిక్షా ఎక్కకుండా మార్కెట్‌కి పోయి రెండు సంచులు మోసుకొచ్చిన మనిషి, మంచానికీ సోఫాకీ మధ్య కూడా నా చెయ్యి లేందే కదిలేది కాదు. ఇలాగే కూర్చుంటే కాళ్ళు కూడా పోతాయని డాక్టర్ మొహమాటం లేకుండా చెప్పాడు.

అందుకే స్కూలు సెలవుల్లో ఫిలిప్ ఐలండ్ వెళ్దామన్నాను. ఐలండ్ అన్నమాటే గానీ వంతెన మీదుగా కారులో పోవచ్చు. ఒక్కరోజులో ఏ బీచ్‌లు చూడాలా అని నేనూ మా అమ్మాయి నిత్యా ల్యాప్‌టాప్‌లో వీడియోలు పెట్టుకుని వాదించుకుంటున్నాం. దానికి పెద్ద అలలు కావాలి. నాకు మెట్లు లేని చోటు కావాలి.

సోఫాలోంచి అమ్మ అంది, "నన్నడగరేవే? కళ్ళు లేకపోతే చెవులున్నాయిగా. పెట్టు, వింటాను."

మొదటిది వినగానే తల అడ్డంగా ఊపింది. "ఇది ఒట్టి కోపిష్టిది. మనిషిని నిలబడనివ్వదు." నిజంగానే అది సర్ఫింగ్ చేసేవాళ్ళ బీచ్. రెండోదానికి, "చెరువులా ఉంది, దీనికి అంతదూరం ఎందుకు?" అంది. పసిపిల్లల్ని దింపే బీచ్ అది. నేను నోరు తెరుచుకుని వింటున్నాను. చూపున్న మేమిద్దరం గంటసేపు తేల్చలేనిది అమ్మ కూర్చున్నచోటే తేల్చేస్తోంది.

మూడోదానికి నవ్వింది. "ఇక్కడికి వెళ్దాం. గులకరాళ్ళ మీంచి నీళ్ళు ఎంత నెమ్మదిగా వెనక్కి పోతున్నాయో విను. ఎవరో ఆవిడ పాడుకుంటోంది కూడా."

మళ్ళీ పెట్టాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూడా విన్నాం. గాలి, అలలు, పక్షుల అరుపులు, అంతే.

"అమ్మమ్మా, నో వన్స్ సింగింగ్," అంది నిత్య.

"మీకు వినపడకపోతే నేనేం చెయ్యనే," అంది అమ్మ.

ఆ బీచ్ పేరు ఇక్కడ రాయను. నడవలేని మనిషిని తీసుకెళ్ళే చోటు కాదది. పార్కింగ్ నుంచి ఇసుక దారి, ఆ తర్వాత రాళ్ళు. కానీ అమ్మ నోరు తెరిచి ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో. సరే, కారులోనే కూర్చోబెట్టి వినిపిద్దాంలే అనుకున్నాను.

ఎంత అందంగా ఉందో ఆ చోటు! ఎర్రటి రాళ్ళు, వాటి మధ్య గాజులా కదిలే నీళ్ళు. దూరంగా కుక్కతో ఒకాయన తప్ప మనిషన్నవాడు లేడు. అమ్మని కారు పక్కన నిలబెట్టి, డిక్కీలోంచి మడతకుర్చీ తీస్తున్నాను. నిత్య ఫోన్‌తో సముద్రాన్ని వీడియో తీస్తోంది. తిరిగి చూసేసరికి అమ్మ లేదు.

అప్పటికే ఇసుకలో నడిచిపోతోంది. ఒక్కతే.

పిలిస్తే ఉలిక్కిపడి పడిపోతుందేమోనని నోరు నొక్కుకుని వెనకాలే పరుగెత్తాను. అమ్మ నాచుకుప్పని చుట్టుకుని వెళ్ళింది. రెండు రాళ్ళ మధ్య సందులోంచి తడబడకుండా దాటింది. అల పాదాలు తడిపే చోట ఆగింది.

"ఎలా వచ్చావమ్మా?" అన్నాను, భుజం పట్టుకుని.

"ఆవిడే తీసుకొచ్చింది కదే, పాడుతుందే, ఆవిడ. నువ్వయితే లాగుతావు. ఆవిడ నేను అడుగేసేదాకా ఆగింది."

అమ్మ ముఖంలో అంత సంతోషం చూసి, భయపడాల్సినదాన్ని ఏడ్చేశాను.

ఆ నడక నిత్య ఫోన్‌లో ఉంది. పక్కన ఎవరూ లేరు. అమ్మ ఎడమ చెయ్యి మాత్రం పక్కకు చాచి ఉంది, వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. రాళ్ళ ముందు ఒక్క క్షణం ఆగి, ఎవరో చెప్పినట్టు కాలెత్తి వేసింది.

సముద్రం పక్కన పుట్టి పెరిగింది, అలల చప్పుడుబట్టి నడిచి ఉంటుంది అని సర్దిచెప్పుకున్నాను. ఆ రోజే కళ్ళు మూసుకుని అదే దారిలో నడిచి చూశాను. నాచులో కాలు పెట్టాను, మొదటి రాయికే మోకాలు కొట్టుకున్నాను. నిత్య పగలబడి నవ్వింది.

బయల్దేరేముందు అమ్మ రాళ్ళవైపు తిరిగి, "వెళ్ళొస్తానమ్మా," అంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మ మా వీధి చివరిదాకా నడుస్తోంది. నేను చెయ్యిస్తాను, లాగను. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు, ఇప్పటికీ ఏమీ అర్థం కాలేదు.

మళ్ళీ సెలవులొస్తున్నాయి. ఈసారి ఏ బీచ్ అని నిత్య ల్యాప్‌టాప్ తెరిస్తే, అమ్మ దాన్ని మూసెయ్యమంది.

"వెళ్ళొస్తానని చెప్పి వచ్చాను కదే," అంది.