రాజనర్సయ్య మణికట్లు

మా తాత కృపావరం ఎడమ చేతికి మూడే వేళ్లు. మిగతా రెండూ పంజాగుట్ట దగ్గర కంకర మిషన్‌లో పోయాయి. అది పంతొమ్మిది వందల ముప్పై ఆరులో సంగతి. తాత అప్పుడు రోడ్ల గుత్తేదారు రాజనర్సయ్య దగ్గర మిషన్ మేస్త్రీ. బెల్టు జారిందని ఇంజను ఆపించి, లోపల చేయి పెట్టి సరిచేస్తున్నాడు. అంతలో రాజనర్సయ్య వచ్చి పని ఎందుకు ఆగిందని కేకలేశాడు.

"లోపల మనిషి ఉన్నడు దొరా" అన్నాడు ఇంజను నడిపే ఓదెలు.

"చాలూ చెయ్యమన్నగద!"

ఓదెలు ఇంజను చాలూ చేశాడు.

ఆ సాయంత్రానికే రాజనర్సయ్య ఒక మాట పుట్టించాడు. మేస్త్రీ తాగొచ్చి మిషన్‌లో చేయి పెట్టుకున్నాడని. తాత జన్మలో సారా ముట్టలేదు. కానీ ఆ మాట చర్చి దాకా పాకింది. మా నాయనమ్మ జీవమణి తండ్రి దయారత్నం, కుదిరిన పెళ్లిని ఏడాదిపాటు ఆపేశాడు. పెళ్లయ్యాక కూడా భోజనాల దగ్గర అల్లుడి నోటి వాసన చూసేవాడట. వేళ్లు పోయినందుకు కాదు, ఈ మాటకే తాత కడుపు రగిలింది.

తర్వాత ఆయన మోటారు సైకిళ్ల పని నేర్చుకున్నాడు. మూడు వేళ్లతో క్లచ్ పట్టడం కష్టమై, ఆ లివరు తన చేతికి అందేలా దగ్గరికి జరిపి బిగించుకున్నాడు. బండి ఒక్కసారిగా తన ఒంట్లో భాగమైనట్టు అనిపించింది. అక్కడే ఆయనకు విద్య దొరికింది. బండి ఎవరిదైనా ముందు వాళ్లను ఎక్కించి, కళ్లు మూసుకుని చేతులు చాపమనేవాడు. ఆ చేతులు ఎక్కడ వాలితే హ్యాండిలు అక్కడికి తిప్పేవాడు. మోచేయి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో ఉండేలా లివర్లు దించేవాడు. మడమ ఎత్తకుండానే బొటనవేలు తగిలేలా కాలి బ్రేకు అమర్చేవాడు. పంజాగుట్ట రోడ్డు మీద ఆయన రేకుల షెడ్డుకు బేగంపేట నుంచి కూడా వచ్చేవారు.

నలభై మూడులో, మృగశిర వానల్లో, రాజనర్సయ్య వచ్చాడు. ప్రపంచ యుద్ధం, లడాయి రోజులు. పెట్రోలు కోటా మీద ఇస్తుండటంతో కారు మూలన పెట్టి మోటారు సైకిలు ఎక్కాడు. మణికట్లు లాగుతున్నాయన్నాడు. తాతను గుర్తుపట్టలేదు. చేతిని మాత్రం చూశాడు.

"వేళ్లేమైనయ్?"

"మిషన్ల పడ్డయ్ దొరా."

"జర చూసుకొని పని చేసుకోవాలె గద."

అంతవరకూ బండి బాగుచేసి పంపేద్దామనే అనుకున్నాడట తాత. ఆ మాటతో మనసు మారింది. రాజనర్సయ్యను ఎక్కించి, చేతులు ఎక్కడ వాలతాయో ఎప్పటిలాగే కొలుచుకున్నాడు. సరైన చోటు దొరికాక, దానికి అరంగుళం పైన లివర్లు బిగించాడు. కాలి బ్రేకు కూడా వేలెడు ఎత్తాడు. బ్రేకు గట్టిగానే పడుతుంది, క్లచ్ బాగానే వదులుతుంది. నలిగేది మనిషి ఒక్కడే.

నొప్పి చోటు మారితే కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది. పదిరోజులకు రాజనర్సయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి తాత లివర్లు కిందికి దించి, హ్యాండిలు ముందుకు తోశాడు. నడుం పట్టింది. మళ్లీ వచ్చాడు. అలా ఏడు నెలలు. చలి ముదిరేసరికి అన్నం ముద్ద కలపలేకపోతున్నానని, పాదం తిమ్మిరెక్కి చెప్పు జారిపోతున్నదని వచ్చి చెప్పుకునేవాడు. తాత ప్రతి నొప్పినీ శ్రద్ధగా అడిగి తెలుసుకునేవాడు. ఇంటికొచ్చి నాయనమ్మకు ఒక్కొక్కటే వినిపించేవాడు.

"పాపం కాదా?" అంది నాయనమ్మ.

"తాగుబోతునిగద, నాకేం తెలుస్తది" అన్నాడు తాత.

జనవరిలో ఒకరోజు రాజనర్సయ్య బండిని నెట్టుకుంటూ వచ్చాడు. మర్నాడు పెద్ద ఇంజనీరుతో రోడ్లన్నీ తిరగాలి, ఎట్లనన్న చెయ్యమని బతిమాలాడు. అతన్ని కూర్చోబెట్టి, తాత అమీర్‌పేటకు కబురు పంపి మామను పిలిపించాడు. దయారత్నం వచ్చాక అడిగాడు.

"పావుగంటల నొప్పి పోగొడుత దొరా. ముందుగాల ఒక మాట చెప్పుండ్రి. ముప్పై ఆరుల గా కంకర మిషన్ కాడ తాగింది ఎవరు?"

రాజనర్సయ్య ఆ మూడు వేళ్ల చేతిని చూశాడు. "నువ్వా?" అన్నాడు. తర్వాత తన వాచిన మణికట్ల వైపు చూసుకుని, "ఎవరు తాగలే. నేనే చాలూ చెయ్యమన్న" అని గొణిగాడు.

"గట్టిగ చెప్పుండ్రి. మా మామకు చెవుడు."

దయారత్నానికి చెవుడేమీ లేదు. రాజనర్సయ్య షెడ్డులో ఉన్న నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా చెప్పాడు. దయారత్నం తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తాత పానా అందుకున్నాడు. నాలుగు బోల్టులు వదులు చేసి, జరిపి, బిగించాడు. రాజనర్సయ్య గుట్ట మలుపు దాకా పోయి వచ్చాడు. ముఖం వెలిగిపోయింది. మరుక్షణమే నల్లబడింది.

"గింత పనికి ఏడు నెలలా?"

"మొదటి దినమే సరైన జాగ కనిపెట్టిన. తెలిసే తప్పు బిగించిన."

"నీ షెడ్డు పీకిస్త!"

"పీకించుండ్రి."

వారంలో పీకించాడు కూడా. తాత సామాన్లు అమీర్‌పేటలో మామ ఇంటి అరుగు మీదికి చేరాయి. గిరాకీ అక్కడికే వచ్చింది. చర్చి అయ్యగారు వచ్చి, పగ తీర్చుకున్నావు, ఇప్పుడైనా పశ్చాత్తాపపడి ప్రార్థన చేసుకోమన్నాడు.

తాత వినయంగా తల వంచాడట. "నిజమే అయ్యగారూ. తొందరపడ్డ. చలికాలం అయిపోయేదాంక ఆగాల్సింది" అన్నాడు.