మడిచేటప్పుడు ఊపిరి వదలాలి

మొన్న మనవరాలి నిశ్చితార్థానికి పట్టుచీర కొందామని టి. నగర్ వెళ్ళాం. చీరల కొట్టు కనబడితే గుమ్మం దగ్గరే చెప్పులు విడిచే అలవాటు నాకింకా పోలేదు. ఒకటి విడిచేశాను కూడా. మనవరాలు చెయ్యి పట్టుకుని, "తాతా, ఇది కోవిల్ కాదు, వేసుకో!" అంది. లోపలంతా గాజు బల్లలు, నిలువెత్తు అద్దాలు, వెన్ను వణికించే ఏసీ. బల్లకవతల నిలబడిన ఒకావిడ మా పిల్లకు చీర మీద చీర విప్పి చూపిస్తోంది, మా పిల్ల ప్రతిదానికీ పెదవి విరుస్తోంది. ఆవిడ ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని, కొంగును గడ్డం కింద నొక్కిపట్టి, పళ్ళు బిగించి మడవడం చూశానో లేదో, నా నడుము పాత నేస్తాన్ని చూసినట్టు కలుక్కుమంది.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో పట్టుచీరల కొట్టంటే నేలమీద ఈ చివరి నుంచి ఆ చివరికి తెల్ల దుప్పటి పరిచిన పరుపు. ఇటువైపు మేము, అటువైపు కొనేవాళ్ళు, మధ్యలో చీరల గుట్ట. ఏడో క్లాసులోనే బడికి దణ్ణం పెట్టేసి, కొన్నాళ్ళు సౌకార్‌పేటలో గుడ్డల మూటలు మోసి, ఆఖరికి ఆ పరుపెక్కినవాణ్ణి నేను. బాసింపట్టు వేసుకుని చీర కొస పట్టి విసిరితే అది గాలిలో విచ్చుకుంటూ పోయి పెళ్ళికూతురి ఒళ్ళో వాలాలి, దాని వెనకే నా జోకొకటి వెళ్ళి ఆ పక్కన బిక్కమొహం వేసుక్కూర్చున్న తండ్రి మీద వాలాలి. జనం చీర కోసం వస్తారో నా వాగుడు కోసం వస్తారో తెలియదని మా మొదలాళి, అదే షాపు ఓనరు, అనేవాడు.

అలాంటి నాకు నడుము పట్టేసింది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. నొప్పి నడుములో ఉంటే పోనీలే అనుకోవచ్చు, నా నాలుక మీదికి కూడా ఎక్కింది. ఒక మధ్యాహ్నం ఒక కుటుంబం గుట్టంతా తిరగేసి పెదవి విరిస్తే, "అమ్మా, ఇంక గుమ్మానికున్న కర్టెన్ ఒక్కటే మిగిలింది, దించమంటారా?" అనేశాను. అది మామూలు రోజుల్లో అంటే నవ్వేవాళ్ళే, ఆ రోజు నా మొహం చూసి లేచిపోయారు. మొదలాళి పిలిచి, "నడుముకు కదప్పా నొప్పి, నాలిక్కేమొచ్చింది? ఆషాఢం తగ్గింపులు, ఆ ఆడి సేల్ దాకా చూస్తా. బాగుపడలేదా, కింద సంచులిచ్చే కౌంటర్‌లో నిలబడు," అన్నాడు. సంచుల కౌంటరంటే, స్టేజీ మీద వేషం కట్టేవాణ్ణి గేటు దగ్గర టికెట్లు చింపమన్నట్టు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మా ఆవిడ ఆ సంగతి వాళ్ళమ్మ చెవిన వేసింది. ఆవిడ నాకు మేనత్త, పిల్లనిచ్చిన అత్త కూడా. అంతకన్నా ముఖ్యంగా, కార్పొరేషన్ తెలుగు బడిలో డ్రిల్లు టీచరుగా రిటైరైన మనిషి, మెడలో తాళితోపాటు విజిల్ కూడా వేసుకుని తిరిగేది. బడి వదిలి పారిపోయినవాడి ఇంటికి బడే వెతుక్కుంటూ వచ్చినట్టయింది నా పని. తెల్లారకముందే మిద్దె మీద కోరచాప పరిచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, విజిల్ ఊదుతూ నాచేత యోగాసనాలు వేయించేది. వంగమంటే నేను ఒక జోకు వేసేవాణ్ణి, లేవమంటే ఇంకొకటి. "నోటికి ఆసనం లేదు రా అబ్బయ్యా, ఉంటే ముందు అదే నేర్పిద్దును," అనేది. శవాసనం మాత్రం తొలిరోజే నాకు పట్టుబడింది. పక్క మిద్దె వాళ్ళు లేచి చూసేటంత గురక పెట్టాను.

అయినా వెళ్ళాను, సంచుల కౌంటర్ భయం అలాంటిది. కొన్ని వారాలకు కాళ్ళూ నడుమూ కాస్త మాట వినసాగాయి గాని, కొట్లో సాయంత్రమయ్యేసరికి మళ్ళీ కథ మొదటికే వచ్చేది. అత్తకు అనుమానం వచ్చింది. ఆడి సేల్ జోరుమీదున్న రోజున, చెప్పాపెట్టకుండా వచ్చి పరుపుకు అటువైపు కూర్చుంది. మొదలాళి వినేటట్టుగా, "ఏందబ్బా చూస్తావుండావు, చీరలు చూపించు," అంది. చూపించాను. నెమలికంఠం రంగు అంది, మామిడిపూత రంగు అంది, గుట్ట నా గడ్డం దాకా లేచాక, "నేను కొననులే, మడుసుకో," అని తాపీగా కూర్చుంది.

కోపంతో కొంగు గడ్డం కింద నొక్కి మడవబోయాను. అత్త గుప్పిట్లో దాచుకున్న విజిల్ ఊదనే ఊదేసింది! కొట్టంతా ఇటు తిరిగింది.

"అదిగో, ఊపిరి బిగబట్టినావు. పొద్దున మిద్దె మీద నేర్పించింది ఈడ వాడకపోతే ఎందుకు రా? విప్పేటప్పుడు పీల్చు, మడిచేటప్పుడు వదులు. కొనకుండా పోయినోళ్ళ మొహం తలుచుకుంటా మడిస్తే ఎవడికైనా నడుము పట్టేస్తుంది."

సిగ్గుతో చచ్చి ఒకటి మడిచాను, ఊపిరి వదులుతూ. రెండోది మడిచాను. ఏ మాయ లేదు, భుజాలు మాత్రం దిగాయి. గుట్ట సగమయ్యేసరికి నాకే తెలియకుండా నోట్లోంచి మాట జారింది: "అత్తా, రేపు పండక్కి నాకు చీర పెట్టకపోతే చూడు, ఇన్ని మడిచాను!" పక్కన ఏదో పెళ్ళివారు పకపకా నవ్వి నా ముందుకు జరిగి కూర్చున్నారు. మొదలాళి గల్లాపెట్టె దగ్గర నుంచి తల పైకెత్తి, "ఈడనే ఉండప్పా," అన్నాడు, అంతే.

నొప్పి మాయమైందని అబద్ధం చెప్పను. అప్పుడప్పుడు చుట్టపుచూపుగా వచ్చి పోతూనే ఉంది. మారింది గుట్టను చూసే చూపు. అంతకుముందు కొనకుండా పోయినవాళ్ళు నా కష్టాన్ని తొక్కుకుంటూ పోయినట్టుండేది. తర్వాత, పోనీలే, ఒక పూట ఇన్ని రంగులు కళ్ళనిండా చూసి పోయారు, నేనూ చూశాను కదా, అనిపించసాగింది. అత్త పోయాక కూడా మిద్దె ఎక్కడం మానలేదు. ఇంట్లో బట్టలు మడిచే పని ఇప్పటికీ నాదే, ఎవరినీ ముట్టుకోనివ్వను.

మొన్న ఆ గాజు బల్ల దగ్గర కూర్చుందామంటే కొనేవాళ్ళకు కుర్చీలున్నాయి గాని ఆ తెల్ల పరుపు ఏదీ? దాని మీద ఒకరికెదురుగా ఒకరం ఒకే ఎత్తులో కూర్చుని నవ్వుకున్న సాయంత్రాలేవీ? ఉండబట్టలేక ఒక చీర అందుకుని, బల్లకవతల చీరలు చూపిస్తున్న ఆవిడతో, "అమ్మా, మడిచేటప్పుడు ఊపిరి వదులు," అంటూ మడిచి చూపించాను. మనవరాలు, "అయ్యో తాతా, మానం పోతావుంది!" అని మొహం దాచుకుంది. ఆవిడ మాత్రం నా వంక చూసి, తర్వాతి చీర ఊపిరి వదిలి మడిచింది. ఇంకొకటి మడిచింది. నడుము మీది చెయ్యి తీసింది.

"ఎవురు నేర్పించినారు సామీ?" అంది, నెల్లూరు వైపు యాసలో.

"మా అత్త," అన్నాను.

అదీ జోకే అనుకుని ఆవిడ బల్ల పట్టుకుని మరీ పకపకా నవ్వింది. చీరల గుట్ట ముందు కూర్చుని ఎన్నో ఏళ్ళు అబద్ధాలు అల్లి జనాన్ని నవ్వించాను. మొదటిసారి నిజం చెప్పి నవ్వించాను.