బొగ్గుతో రాసిన టీజీ

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. మాది జనగామ. మానుకోటల ఉండే మా సడ్డకుడు, అంటే నా భార్య అక్క మొగడు, అత్తగారింట్ల అందరికీ ముద్దు. నాకు కడుపుమంట. కనీసం ఆయన డొక్కు కారునన్నా దాటాలని ఊరూరు తిరిగి, ధర తక్కువ, పికప్ ఎక్కువ ఉన్న పాత స్పోర్ట్స్ కారు కొన్న. సైలెన్సర్ మార్పించిన, వెడల్పు టైర్లు వేయించిన.

నా భార్యను ఎక్కించుకొని భూపాలపల్లిల అత్తగారింటికి పోతుంటే, రేగొండ ముందట ఆయన కారు కనబడ్డది. హారన్ కొట్టి దాటేసిన. మలుపు తిరిగితే రోడ్డుకు అడ్డంగ పొయ్యిలు! ఉద్యమపోళ్ల వంటావార్పు. బ్రేకు తొక్కితే బండి కీచుమని అన్నం గంజు ముందట ఆగింది. అందరు నా నంబర్ ప్లేటు చూసిన్రు.

"ఏందన్నా, గింత ఉరికే బండికి ఇంకా ఏపీనేనా?"

అంతల సడ్డకుడు నిమ్మళంగ వచ్చిండు. ఆయన ప్లేటు మీద ఎప్పుడో పెయింటుతో టీజీ రాయించుకున్నడు. పొయ్యిలకెళ్లి సల్లారిన బొగ్గు తీసి, నా ఏపీని కొట్టేసి టీజీ రాసిండు. "గిప్పుడు దిగి తిను తమ్మీ" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నా భార్య సుత!

రాష్ట్రం వచ్చినంక బండ్లకు టీఎస్ అంటే, ఆయన రాసింది తప్పయిందని లోపల్లోపల మస్తు సంబురపడ్డ. ఏండ్లకు సర్కారు టీఎస్ తీసేసి టీజీ చేసింది. ఆ పొద్దున్నే ఫోన్ మోగింది. సడ్డకుడే.

నేను ఎత్తలే.