దుర్గాదేవి చెవుడు

దుర్గాదేవికి చెవుడొచ్చిందని పెడనలో అందరూ అనుకునేవారు. ఏదన్నా అడిగితే మొహంలోకి చూసేది, పెదవి కదిపేది కాదు. మంగినపూడి సముద్రస్నానానికి వస్తావా అని తోటికోడలు రాజమ్మ అడిగితే, ఆలోచించి ఆలోచించి సరేననేసరికి వెళ్లినవాళ్లు తడిబట్టలతో తిరిగొస్తున్నారు. "రోజంతా అద్దకం అచ్చు మీద గుద్ది గుద్ది చెవిలో నరం చచ్చింది పాపం," అని ఊరంతా చెప్పింది రాజమ్మే. అప్పటినుంచి ఆమెతో అందరూ అరిచి మాట్లాడేవారు. ఆమె తల ఊపేది. కాదని ఒక్కసారీ అనలేదు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. కలంకారీ షెడ్డులో అచ్చు వేయడానికి ఆమె చెయ్యి ఎంత చురుకో, నోరూ అంత చురుకు. అడిగేవాళ్ల మాట పూర్తికాకముందే "అయిపోద్దిలెండి" అనేది. చాలాసార్లు అయిపోయేది కూడా. అదే ఆమెకు పేరు, అదే గర్వం.

తొంభై ఎనిమిది ఏప్రిల్‌లో షెడ్డు యజమాని చలపతిరావుగారు బందరు నుంచి వచ్చారు. హైదరాబాదులో ఎగ్జిబిషన్‌కి రెండు వందల దుప్పట్లు కావాలట.

"నెలాఖరుకి అవుతాయా దుర్గాదేవీ? ఆలోచించి చెప్పు. మాటిచ్చి తప్పితే నా పరువు పోద్ది."

బట్టలు జాడించే అప్పయ్య ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. అద్దిన బట్టని పారే నీళ్లలో జాడిస్తేనే అదనపు రంగు కొట్టుకుపోతుంది. నిలవ నీళ్లలో ముంచితే వదిలిన రంగు తిరిగి తెలుపుకే అంటుకుంటుంది. అందుకని వాళ్ల పనంతా కాలవ మీదే.

"అక్కా, ఇరవయ్యో తారీఖుకి కాలవకి నీళ్లు కట్టేస్తారంట. లాకుల దగ్గర అనుకుంటున్నారు," అన్నాడు అప్పయ్య మెల్లిగా. అయ్యగారి ముందు గొంతెత్తే మనిషి కాదు.

ఆ మాట ఆమె చెవిన పడింది. కానీ అంతమందిలో అయ్యగారు తననే పేరుపెట్టి అడిగారు. ఆ సంబరంలో ఇరవయ్యో తారీఖు ఆమె కంటికి ఆనలేదు.

"ఎందుకవ్వవండీ, అయిపోతాయి," అంది.

నూట పది దుప్పట్లు జాడించేసరికి కాలవ కట్టేశారు. మిగతావి ఊరిచివర గుంటలో ముంచారు. ఆరేసి చూస్తే ఆ దుప్పట్ల మీద తెల్లగా ఉండాల్సిన హంసలన్నీ తుప్పురంగుకి తిరిగాయి.

"కాలవ కడతారని ఒక్కళ్లకీ తెలీదా?" అన్నారు చలపతిరావుగారు.

"నేను చెప్పానండీ," అన్నాడు అప్పయ్య.

అయ్యగారు ఆమె వైపు తిరిగారు. అప్పుడూ ఆలోచన కంటే నోరే ముందు కదిలింది. "నాకు వినపడలేదండీ."

"వినపడేలా చెప్పొద్దటయ్యా," అని అప్పయ్యని ఆ పూటే పనిలోంచి తీసేశారు. అతను ఆమెను ఒక్కసారి చూసి, తడిచేతులు లుంగీకి తుడుచుకుని వెళ్లిపోయాడు. పెళ్లాన్నీ పిల్లనీ తీసుకుని హంసలదీవి వైపు రొయ్యల చెరువుల కాపలాకి పోయాడని తర్వాత తెలిసింది.

అప్పటినుంచి చిన్నదానికి కూడా సరేననాలంటే ఆమెకు భయం. చెవుడన్న పుకారు పుట్టినప్పుడు కాదనకపోవడానికి మాత్రం కారణం భయం ఒక్కటే కాదు. చెప్పిన అబద్ధానికి ఆ పుకారు సాక్ష్యంలా పనికొచ్చింది. ఎవరైనా జాలిపడి చెవి దగ్గరకొచ్చి అరిచినప్పుడల్లా ఆమె సిగ్గుతో కుంచించుకుపోయేది.

రెండు వేల నాలుగులో ఒక పొద్దున అప్పయ్య షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు. వెనక ఎదిగిన కూతురు తనూజ.

"అక్కా, మా పిల్లకి అద్దకం నేర్పుతావా? నువ్వు సరేనంటే చేర్చుకుంటానన్నారు అయ్యగారు."

చలపతిరావుగారు అక్కడే బట్ట మడతలు చూస్తున్నారు. పక్కబల్ల మీద అచ్చు వేస్తున్న రాజమ్మ ఆమె చెవిలో నోరుపెట్టి, "అప్పయ్య, అక్కా, అప్పయ్య. పిల్లకి పని నేర్పమంటున్నాడు," అని అరిచింది.

"ఎల్లుండి రావయ్యా. అది ఆవిడ బుర్రకెక్కాలిగా," అని ఎవరో నవ్వారు.

తెలిసిన పనే, నేర్పుతానని చెప్పడానికి ఈసారి ఆమెకు భయం వేయలేదు. కానీ అంతటితో ఊరుకుంటే అప్పయ్యకి తనే మేలు చేసినట్టవుతుంది. అతను దణ్ణం కూడా పెడతాడు. ఆ దణ్ణం తీసుకోవడం ఎలా?

ఆమె అచ్చు పక్కన పెట్టింది.

"నేర్పుతాను అప్పయ్యా. నువ్వు అరవక్కర్లేదు రాజమ్మా, నాకు చెవుడు లేదు," అని చలపతిరావుగారి వైపు తిరిగింది. "కాలవ కట్టేస్తారని ఆ రోజు ఇతను చెప్పింది నాకు వినపడిందండీ."