మస్తాన్ సాయబు లేవని ఉదయం

వడమాలపేట మస్తాన్ సాయబు గారు గత సోమవారం ఉదయం కన్నుమూశారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. రాసిన తర్వాత కూడా నమ్మబుద్ధి కావడం లేదు. ఆత్మీయుల మరణవార్తను ఎవరో ఒకరు మోసుకొస్తారు, మనం నిర్ఘాంతపోతాం. అది లోకరీతి. నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన నాకు పదడుగుల దూరంలో, నేను చూస్తూ ఉండగానే పోయారు. చేతిలో టీ గ్లాసు పట్టుకుని, నవ్వుకుంటూ కూర్చున్నాను నేను. అయినా ఆ సంగతి అందరికంటే ఆలస్యంగా తెలిసింది నాకే. ఆయన కుక్కకు నాకంటే ముందు తెలిసింది.

ఎరగనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. ఆయన ఒక చిన్న సర్కసులో గుర్రాలకు విద్యలు నేర్పినవారు. ఆ సర్కసు మూతపడ్డప్పుడు తనకు రావలసిన జీతానికి బదులు రెండు పొట్టి గుర్రాలను తోలుకుని సొంత ఊరికి వచ్చేశారు. తెల్లదాని పేరు తాసీల్దారు, గోధుమరంగుది మునసబు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు పుత్తూరు బస్టాండులో టీ బంకు కింద వానలో తడుస్తున్న ఒక కుక్కపిల్లను జేబులో వేసుకుని తెచ్చారు. అది పెరిగి పెద్దదైనా పిల్లి కంటే పెద్దది కాలేదు. దాని పేరు బఠాణి. ఈ ముగ్గురితోనే పెళ్ళి ఊరేగింపుల్లో, జాతరల్లో, బడుల వార్షికోత్సవాల్లో ఈ చిత్తూరు సీమ అంతటా ఆయన ప్రదర్శనలిచ్చారు. తిరుచానూరు నుంచి ఏర్పేడు దాకా ఆ గుర్రాల నమస్కారం అందుకోని పెళ్ళికొడుకు అరుదు.

నేను తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా బడిలో ఆయన ఆట పెట్టిన రోజు మైకు మనిషి రాలేదు. సరే, నేనే అందుకున్నాను. నాకేం తెలుసు, గుర్రాల గురించి? నోటికి వచ్చిన సమాసాలన్నీ గుప్పించాను. 'అశ్వకులతిలకా' అన్నాను, 'వాయువేగ మనోవేగ' అన్నాను. ఆట అయ్యాక ఆయన నా దగ్గరకు వచ్చి, "అయివోరూ, మీరు మాట్లాడతాంటే నా గుర్రాలు కలెక్టరు మాదిరి నడిచినాయి" అన్నారు. ఆ పొగడ్తకు పడిపోయాను. ఇరవై ఏళ్ళకు పైగా ఆయన మైకు నేనే.

ఆయన దగ్గర కొరడా ఉండేది. ఎర్ర కుచ్చులతో చాలా అందంగా ఉండేది. దాన్ని ఆయన గుర్రాల మీద ఎప్పుడూ ఎత్తగా చూడలేదు. ఒకసారి అడిగితే, "అది సూసేవాళ్ళ కోసరం, అయివోరూ. గుర్రం తప్పు సేసిందంటే నేను సరిగ్గా అడగలేదని అర్థం" అన్నారు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు ఆ మాట సూటిగా తగిలింది. బెత్తం విరగ్గొట్టిన ఘనుణ్ణి నేను.

ఆయనకు భయం లేదనుకోకండి. ఒకసారి ఒక సభకు నిజం తాసీల్దారు గారే ముఖ్య అతిథిగా వచ్చారు. సాయబుకు చెమటలు పట్టాయి. ఆ ఒక్క రోజుకు గుర్రం పేరు 'రాజా' అని మార్చి పిలవమని నన్ను బతిమాలారు. 'రాజా, రా' అని నేను ఎంత పిలిచినా ఆ జంతువు కదిలితే కదా. చివరికి సాయబు గారు గత్యంతరం లేక దాని చెవిలో గొణిగారు. గొణిగింది మైకులో అందరికీ వినిపించింది. "తాసీల్దారూ, పరువు తీయొద్దు, రా నాయనా." ముందు ఆ అధికారే నవ్వారు, తర్వాత సభంతా నవ్వింది. వెళ్ళేముందు ఆ అధికారే గుర్రానికి బెల్లం కూడా తినిపించారు.

చలికాలం ఆయనకు బడి తెరిచే కాలం. ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు, పెళ్ళిళ్ళు ఉండవు. కార్తీకపు తుఫాను వానలు వెనకబడి, పెరడు ఆరి, తెల్లవారి మంచు పడడం మొదలైతే పాఠాలు మొదలు. ఆ గుర్రాలకు వచ్చిన విద్యలనే మళ్ళీ మొదటి నుంచి నేర్పేవారు. తిరుచానూరు లాడ్జీల్లో పాతబడిన రగ్గులు అడిగి తెచ్చి, ఆయన భార్య జైనబ్బీ గుర్రాలకు చలికోట్లు కుట్టేది. తెల్లవారకముందే ఆమె పెద్ద తపేలాలో ఉలవలు పొయ్యి మీద పెట్టేది. ఉడికిన ఉలవలు గుర్రాలకు, ఆ నీళ్ళతో చేసిన చారు మాకు. చలికాలం నెలన్నర పాటు నేను రోజూ పొద్దున్నే బస్సెక్కి ఆ చారు కోసం వెళ్ళేవాణ్ణి. గుర్రాల కోసమని చెప్పుకునేవాణ్ణి, అంతే.

ఇక ఆయనకు పేరు తెచ్చిన ఆట గురించి చెప్పాలి. దాని పేరు 'సాయబు చావు'. ఆయన నడుస్తూ నడుస్తూ గుండె పట్టుకుని వెల్లకిలా పడిపోయేవారు. పడేముందు చెప్పులు పక్కకు విడిచేవారు, కాళ్ళ దగ్గర మోకరిల్లే మునసబుకు గుచ్చుకోకూడదని. మునసబు మోకరిల్లేది. తాసీల్దారు చుట్టూ తిరిగి వచ్చి మూతితో ఆయన భుజం కదిపేది. బఠాణి చొక్కా చెయ్యి పట్టి లాగేది. లేవకపోతే దూరంగా పడిన ఎర్ర టోపీని నోట కరుచుకొచ్చి ఆయన గుండె మీద పెట్టి కూర్చునేది. ఈ లోపల నేను మైకులో 'హా విధీ, అశ్వవిద్యా పారంగతుని అపహరించితివా' అంటూ శోకాలు పెట్టేవాణ్ణి. ముసలమ్మలు నిజంగానే ముక్కు చీదేవారు. టోపీ గుండె మీదికి చేరాక నేను మూడు చప్పట్లు కొట్టాలి. మూడోదానికి ఆయన లేచి కూర్చునేవారు. అప్పుడే జంతువులకు బెల్లం. చూసే పిల్లలు ఏవేవో తినేవి విసురుతారు కాబట్టి, మూడో చప్పట వినేదాకా ఏదీ ముట్టకూడదని వాటికి నేర్పారు.

మొదటి ఏడాది నేనొక పొరపాటు చేశాను. ఒక జాతరలో మునసబు మోకరిల్లకుండా నిలబడిపోయింది. జనం ముందు అభాసుపాలు అవుతామని నేను మధ్యలోనే చప్పట్లు కొట్టేశాను. సాయబు లేచారు. ఆ తర్వాత చలికాలమంతా మునసబు సగం ఆటలో ఆగి, ఇక చప్పట్లు కొట్టమన్నట్టు నా వంక చూసేది. దాని చేత ఆ అలవాటు మాన్పించడానికి ఆయనకు ధనుర్మాసం మొత్తం పట్టింది. సంక్రాంతి వెళ్ళాక నాతో, "ఆట మజ్జలో సెయ్యి పెట్టొద్దు, అయివోరూ. ఏం జరిగినా సరే, అవి ముగించేదాకా కాసుకోండి" అన్నారు. నేను చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను. అప్పటినుంచి ఏనాడూ తప్పలేదు.

మాట తప్పని ఆ బుద్ధిమంతుడిగానే గత సోమవారం నేను ఆయన పెరట్లో కూర్చుని ఉన్నాను. మంచు ఇంకా విడలేదు. ఆయన ఎడమ చెయ్యి రుద్దుకుంటూ, చలికి పట్టేసినట్టు ఉందన్నారు. నేను కొబ్బరినూనె వెచ్చచేసి రాసుకోమని సలహా ఇచ్చాను. అంతే నా తెలివి. తర్వాత ఆయన నాలుగడుగులు వేసి గుండె పట్టుకుని పడిపోయారు. టోపీ ఎగిరి పడింది. మునసబు మోకరిల్లింది. తాసీల్దారు చుట్టూ తిరిగి వచ్చి భుజం కదిపింది. పాఠాలు మరవలేదని నాకు ముచ్చటేసింది. బఠాణి మాత్రం చొక్కా లాగలేదు. టోపీ వైపు వెళ్ళలేదు. ఆయన ముఖం వాసన చూసి తల దగ్గర కూర్చుంది.

"ఏమే బఠాణీ, పాఠం మర్చిపోయినావా?" అన్నాను. చలికి మొరాయిస్తోంది అనుకున్నాను. లేచాక సాయబు దాన్ని ఏమని బుజ్జగిస్తారో ఊహించుకుంటూ టీ తాగాను. రెండు నిమిషాలు గడిచాయో, నాలుగు గడిచాయో చెప్పలేను. ఈ నాలుగు రోజులుగా నేను లెక్క కట్టుకుంటున్నవి ఆ నిమిషాలే.

జైనబ్బీ ఉలవల తపేలా తీసుకుని పెరట్లోకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆట చూడడానికి నిలబడని మనిషి. దూరం నుంచి ఒక్క చూపు చూసింది. తపేలా మెల్లగా కింద పెట్టింది.

"అయివోరూ," అంది, "ఆయన కాళ్ళకు సెప్పులు ఉండాయి."

అవును, ఉన్నాయి. వందలసార్లు ఆ ఆట చూసిన నా కళ్ళకు అవి కనబడలేదు.

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు గారు నా భుజం తట్టి, గుండె ఒక్కసారిగా ఆగిపోయిందని, వెంటనే తెచ్చినా చేసేది ఏమీ ఉండేది కాదని అన్నారు. అనకుండా ఏం చేస్తారు పాపం? నా ముఖం చూసి అన్నారో, నిజమే చెప్పారో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఆ సందేహం నాతోపాటే ఉంటుంది.

ఆ సాయంత్రమే ఖననం అయింది. నేను మరునాడు పరామర్శకు వెళ్ళాను. పరామర్శకు అంటున్నాను గానీ, నిజానికి క్షమాపణ అడగడానికే వెళ్ళాను. వదినా, నేను ముందే లేచి ఉంటే, అని మొదలుపెట్టాను. జైనబ్బీ చెయ్యి అడ్డం పెట్టింది. నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. రెండు గుర్రాలూ ఆయన పడిన చోటే నిలబడి ఉన్నాయి. ముందున్న ఉలవలు ఎండిపోయి ఉన్నాయి. మేతకు వేసిన వేరుశనగ కట్టె వేసింది వేసినట్టే ఉంది. బఠాణి వాటి మధ్య నేల మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. ఎర్ర టోపీ ఆ మూల అలాగే పడి ఉంది, మంచుకు తడిసి. దాన్ని తీయడానికి ఎవరికీ చేతులు రాలేదట.

"నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు," అందామె. "నీళ్ళు రెండు గుక్కలు తాగినాయి, అంతే. వాటికి ఆట ముగియలేదు, అయివోరూ. మీరు సప్పట్లు కొట్టలేదు గదా."

నేను తల అడ్డంగా ఊపాను. ఆ చప్పట్లు కొడితే ఆయన లేచేవారు. ఇన్నేళ్ళుగా నాకు తెలిసింది అంతే. కొట్టనంతకాలం నాలో ఏదో మూల ఆయన ఇంకా పడుకునే ఉన్నారు.

"మీరు ఆయన సెప్పిందే సేసినారు," అందామె. "ఇది కూడా ఆయన సెప్పిందే. కొట్టండి."

ఒకటి కొట్టాను. గుర్రాలు చెవులు నిక్కించాయి. రెండు కొట్టాను. బఠాణి తల ఎత్తి, ఆయన పడిన చోటు వైపు చూసింది. మూడోదానికి నా చేతులు కలవలేదు. ఎంత ప్రయత్నించినా కలవలేదు. నా వెనక మూడో చప్పట వినిపించింది. తిరిగి చూస్తే జైనబ్బీ రెండు అరచేతులూ ఒకదానికొకటి ఆనించి అలాగే నిలబడి ఉంది.

నేల మీద నుంచి ఎవరూ లేవలేదు. గుర్రాలు కాసేపు చూశాయి. తర్వాత తాసీల్దారు తల వంచి ఉలవల్లో మూతి పెట్టింది, దాని వెనక మునసబు. జైనబ్బీ బెల్లం ముక్కలు తెచ్చి వాటికి తన చేత్తో పెట్టింది. వాటిని ఎవరికీ ఇవ్వనని, తనే సాకుతానని చెప్పింది. బఠాణి ఆమె కాళ్ళ దగ్గరకు వచ్చి కూర్చుంది గానీ బెల్లం ముట్టలేదు.

మస్తాన్ భాయ్, మీవంటి విద్యావంతుడు ఈ సీమలో మళ్ళీ పుట్టడం దుర్లభం. ఇది మైకు మాట కాదు. ఇరవై ఏళ్ళు ఊరూరా తిరిగి మీ చావుకు దొంగ ఏడుపు ఏడ్చాను, పెద్ద పెద్ద సమాసాలతో జనాన్ని ఏడిపించాను. ఇప్పుడు నిజంగా ఏడవవలసి వచ్చేసరికి ఒక్క సమాసమూ రావడం లేదు. చెప్పులు చూడలేదు భాయ్. నన్ను మన్నించండి.